అవ్వ కత్తిరించుకున్న పుట

భోజనాల గదిలోని టేకు కుర్చీని లింగారావు స్వయంగా మోసుకొచ్చి, వీధి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు పొమ్మను," అన్నాడు.

కోడలు ప్రమోదిని ఆయన వెనుకే హాల్లో నిలబడి ఉంది. ఆమె పక్కన ఇనుప పెట్టె. ఎదురుగా అనగలిగిన మాటను ఆయన వీధికేసి చూస్తూ అన్నాడు. బుధవారం ఉద్యోగపు ఆర్డరు వచ్చినప్పటి నుంచి ఆమెతో ఆయన మాటలన్నీ ఇలా గోడలకు తగిలే వస్తున్నాయి.

"రేపు పొద్దుగాల ఆసిఫాబాద్ ఆఫీసుల చేరాలె మామయ్యా. రేపు తప్పితే ఆ నౌకరి ఇగ ఉండది."

"ఉండకపోనీ."

"మీరు పోనీ అంటరు. నేను అనలేను."

సరళాదేవి వంటింటి గడప దగ్గర టీ గ్లాసుతో ఆగిపోయింది. ఆదివారం కాబట్టి బడి లేదు. బడి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు సైన్సు చెప్పడం, తండ్రికీ వదినెకూ మధ్య నిలబడటం కంటే తేలిక.

అన్న జగపతిరావు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. కాలువల శాఖలో ఇంజనీరుగా ఉంటూ చనిపోయినవాడి భార్యకు ఆ శాఖే గుమాస్తా ఉద్యోగం ఇచ్చింది. ప్రమోదిని ఆ దరఖాస్తు ఎప్పుడు పెట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆర్డరు వచ్చాకే తెలిసింది.

బయట రిక్షా గంట మోగింది.

"అమ్మా, సామాను తెస్తవా, నన్ను లోపలికి రమ్మంటవా?" రిక్షా అంతయ్య మెట్టు దగ్గరికి వచ్చి అడిగాడు.

"అక్కర లేదు. పో," అన్నాడు లింగారావు.

అంతయ్య కుర్చీలోని మనిషిని చూశాడు. వెనుక నిలబడ్డ మనిషిని చూశాడు.

"పొమ్మని మీరంటున్నరు దొరా, రమ్మని అమ్మ అన్నది. ఎవలి మాట ఇననో నాకెర్క లే. గా యాప చెట్టు కింద ఉంట," అని బీడీ వెలిగించుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఇగ బజారంత తమాషా చూస్తది," అన్నాడు లింగారావు. "కోడలికి ఇంత బువ్వ పెట్టలేక నౌకరికి తోలిండంటరు."

"మీ బిడ్డ నౌకరి చేస్తలేదా మామయ్యా? ఆమె సుద్దముక్క పట్టుకుంటె రాని మాట, నేను పెన్ను పట్టుకుంటె ఎందుకొస్తది?"

"నన్ను దీంట్లకు గుంజకు వదినా," అంది సరళాదేవి.

"గుంజుతలేను. నువ్వు ముందుగాల్నే దీంట్ల ఉన్నవు."

లింగారావు మెడ తిప్పలేదు. ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుంటే ఎదురుగా పది మంది నిలబడేవారు. ఆ ఇంటికి తాళం వేసి కరీంనగర్ వచ్చి మంకమ్మతోటలో కాపురం పెట్టాక, ఆయన కుర్చీ ముందు నిలబడే పని ఎవరికీ లేకపోయింది.

"దాని బడి ఇంటెనుక సందుల ఉన్నది," అన్నాడు. "అది పోయి అది వస్తది. ఆసిఫాబాద్ అట్లనా? వాడు ఆ కాలువల పొంటి ఎండల తిరిగి తిరిగే పోయిండు. నీళ్ళు తాగ తీరలేదు వానికి. మూత్రపిండాలు ఎండిపొయ్యినయన్నడు డాక్టరు. మల్ల గా డిపార్టుమెంటే. వాన్ని మింగిన నోట్లెనే నిన్ను గూడ పెట్టాల్నా?"

ఏడాదిలో కొడుకు పోయిన తీరు గురించి ఆయన నోరు తెరవడం అదే మొదలు. వంటింట్లో సరళాదేవి తల్లి కడుగుతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

ప్రమోదిని వంగి పెట్టె గొళ్ళెం సరిచూసింది.

"అది ఆయన చేసిన నౌకరి గాదు," అంది. "ఆయన లేకుంటె వచ్చిన నౌకరి. దాన్ని చూస్తె నాకేం సంబురం లేదు మామయ్యా. అయినా పోత. పొద్దంత ఆ అర్రల కూసోని ఆయన అంగీలు మడిచి, విప్పి, మల్ల మడిచి, నాకు యాష్టకొచ్చింది."

"ఆ అర్రల దీపం ఎవరు పెట్టాలె మరి?"

ఆమె వెనుదిరిగి ఆ గదిలోకే వెళ్ళింది.

సరళాదేవి గ్లాసు గడప మీద పెట్టి వదినె వెంట వెళ్ళింది. ఏదో సర్దిచెప్పాలనుకుంది. ఏమి చెప్పాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

ప్రమోదిని అలమారలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి కొంగుతో తుడుస్తోంది. గోధుమరంగు అట్ట, నల్ల క్యాలికో గుడ్డ అంటించిన వీపు. దాన్ని చూడగానే సరళాదేవి తాను అనబోయిన మాట మరిచిపోయింది.

"అది ఇంట్ల ఉండనీ వదినా."

"ఇది ఆయనది."

"మా ఇద్దరిది. పేజీలు కత్తిరించింది నేను. జగిత్యాల తీస్కపోయి బైండింగు చేసే లక్ష్మీరాజంతోని కుట్టించింది అన్న."

"ఎన్నేండ్లాయె?"

"పదిహేడు."

"ఈ పదిహేడేండ్లల్ల ఒక్కసారన్న తెరిచినవా సరళా?"

తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఉందని కూడా ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ కథ ఆమెకు కంఠతా వచ్చు. శనివారం ఆఖరి పీరియడులో ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చెబుతూనే ఉంది.

'చుక్కల తోవ'. వారపత్రికలో రెండేళ్ళు సాగిన ధారావాహిక. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జరిగిన ఏడాది బడులు మూతపడ్డాయి. అన్నకు పద్నాలుగు, తనకు పదకొండు. ఊళ్ళో పిల్లలకు చేసే పని లేదు. బస్సు నడిచిన వారం పత్రిక వచ్చేది. నడవని వారం, చుక్కల్లోకి ఓడ నడిపే కెప్టెన్ విజయేంద్రకు ఏమై ఉంటుందో ఇద్దరూ కొట్టుకుని తేల్చుకునేవారు. మనిషి చంద్రుడి మీద దిగాడని రేడియోలో చెప్పిన రోజు అన్న పెదవి విరిచాడు. "గిప్పుడా? మనోళ్ళు చంద్రున్ని దాటి ఆరు నెలలాయె," అన్నాడు.

"పెండ్లైన కొత్తల నాకు చదివి వినిపించిండు," అంది ప్రమోదిని. "వానాకాలమంత ఇదే. నేను నవ్విన. ఇంజనీరు సాబువు, నీకు చుక్కల మీద ఓడలేంది అని అడిగిన. ఆయన పోయినంక ఎన్ని సార్లు చదివిన్నో నాకే తెల్వది. ఒక్క మాట చెప్పు. కెప్టెన్ వాపస్ వస్తడా?"

"వస్తడు," అంది సరళాదేవి, తరగతిలో జవాబు చెప్పినట్టు. "మంచు చంద్రుని మీద తుపాను ఆగుతది. చిన్న బండి చక్రం ఇరిగితే దాని రేకును జారుడు బల్ల తీర్గ చేసుకోని ఓడ దాకా జారుకుంట వస్తడు. గడ్డమంత మంచు పట్టి ఉంటది. వచ్చి, 'ఆకలైతుంది' అంటడు."

"నీకెవరు చెప్పిండ్రు?"

"అన్న. చివరి భాగం వచ్చినప్పుడు నాకు టైఫాయిడ్. మంచం పక్కన కూసోని చెప్పిండు."

ప్రమోదిని తుడవడం ఆపింది.

"నాతోనేమో తెల్వదన్నడు."

"ఏం తెల్వదు?"

"చివర ఏమైతదో. చివరి పేజీ దొరకలే, నాకు తెల్వదు అన్నడు. దవాఖానల ఉన్నప్పుడు గూడ అడిగిన. అప్పుడు గూడ అదే మాట."

సరళాదేవి పుస్తకం అందుకుంది. వదినె ఈసారి ఇచ్చేసింది.

మంచం అంచున కూర్చుని మొదటి పుట తెరిచింది. కాగితం పసుపు పచ్చబడింది. అంచులు చేతికి పొట్టులా రాలుతున్నాయి. తన పదకొండేళ్ళ కత్తెర ఎక్కడ వంకర పోయిందో స్పష్టంగా కనబడుతోంది. పుటలకు అన్న నల్ల సిరాతో అంకెలు వేశాడు.

చదవడం మొదలుపెట్టింది. మొదట తప్పులు దిద్దడానికి ఆమె చేయి ఎర్ర సిరా కోసం వెతుక్కుంది. గాలి లేని చంద్రుడి మీద కెప్టెన్ లాంతరు వెలిగించాడు. శూన్యంలో ఓడ పేలితే ఆ చప్పుడుకు చెవులు మూసుకున్నాడు. ఆరో భాగంలో నౌకరుయంత్రం పేరు ఒకటి, పన్నెండో భాగంలో ఇంకొకటి. పెద్ద గుహ అని తాను గుర్తుపెట్టుకున్న గుహ నాలుగు వాక్యాల్లో అయిపోయింది. దాని నీలి కాంతి, నీటి చప్పుడు, గోడల మీద నడిచే నీడలు ఏ పుటలోనూ లేవు. అవన్నీ ఇద్దరూ వాకిట్లో కూర్చుని కలుపుకున్నవి.

చిన్నబోవాలి. చిన్నబోలేదు. ఇంకో పుట తిప్పింది.

రెండు సూర్యుల గ్రహం దగ్గర ఆమె ఆగింది. అక్కడ ఒక వాక్యం ఉంది. 'సౌదామిని రేడియో దగ్గరే కూర్చుని ఉంది.' వెనక్కి తిప్పింది. అంతకు ముందు భాగంలోనూ అదే. దానికి ముందూ అదే. కెప్టెన్ దిగిన ప్రతిచోటా ఒక ఆడమనిషి పైన ఓడలో కూర్చుని లెక్క వేస్తోంది, దారి చెబుతోంది. తొమ్మిదో భాగంలో కెప్టెన్ లెక్క తప్పితే ఆమే సరిదిద్దింది. ఆ సంగతి రచయిత ఒకే ముక్కలో చెప్పి ముందుకు పోయాడు.

ఊళ్ళో ఆట ఆడేటప్పుడు అన్న కెప్టెన్. తాను నౌకరుయంత్రం. సౌదామిని వేషం ఇద్దరికీ అక్కర్లేదు. దాన్ని వాకిట్లో ఉన్న రోలుకు ఇచ్చేవారు. అది ఎలాగూ కదలదు, మాట్లాడదు.

"నవ్వుతున్నవేంది?" అంది ప్రమోదిని.

"ఏం లేదు. సౌదామినిని మేం రోలును చేసినం."

ప్రమోదిని కూడా నవ్వింది. ఏడాదిలో ఆ గదిలో నవ్వు వినబడటం వారిద్దరికీ ఇబ్బందిగా తోచి వెంటనే ఆగిపోయారు.

"ఇది చూడు," అంది ప్రమోదిని, పుస్తకం మధ్యలో వేలు పెట్టి.

అక్కడ అచ్చు పుట లేదు. గీతల కాగితం మీద అన్న చేతిరాత. అంటించిన బంక మచ్చ కట్టింది. అలాంటివి పుస్తకం నిండా అక్కడక్కడా ఉన్నాయి.

వాటి సంగతి సరళాదేవికి తెలుసు. అదే పత్రికలో, అవ్వ అని పిలుచుకునే వాళ్ళ అమ్మ జానకీబాయి చదివే సాంఘిక నవల కూడా వచ్చేది. అవ్వ కూడా పేజీలు కత్తిరించి కుట్టించుకునేది. అప్పుడప్పుడు ఒకే కాగితానికి ఈ వైపు అవ్వ కథ, ఆ వైపు వీళ్ళ కథ పడేది. అలాంటి కాగితం మీద అవ్వదే మొదటి హక్కు. అది ఇంట్లో ఖాయం చేసుకున్న పద్ధతి. అవ్వ కత్తెర పట్టుకునే లోపల అన్న ఆ పుటను చేత్తో ఎత్తి రాసుకునేవాడు.

"అన్ని చోట్ల రాసి పెట్టిండు," అంది ప్రమోదిని. "చివర్న ఎందుకు రాయలే?"

సరళాదేవి చివరికి తిప్పింది. చివరి అచ్చు పుట అడుగున వాక్యం సగంలో తెగిపోయింది. 'సౌదామిని మరొకసారి పిలిచింది. అటు నుంచి'. అంతే. తరువాత లక్ష్మీరాజం వేసిన తెల్ల కాగితం, అట్ట.

దొరకని పేజీ కాదు అది. దొరక్కపోతే అన్న ఊరుకునేవాడు కాదు. బస్సు ఎక్కి మెట్‌పల్లి పోయి అయినా ఎవరింట్లోనో చూసి రాసుకొచ్చేవాడు.

"తెలిసే రాయలే," అంది సరళాదేవి.

ప్రమోదిని తల ఊపింది. ఆమె కూడా చాలా రోజుల కిందే ఆ అనుమానం దాకా వచ్చి ఆగినట్టుంది.

జానకీబాయి పళ్ళెంతో లోపలికి వచ్చింది. అన్నం, పప్పు, చింతకాయ తొక్కు. పళ్ళెం కోడలి ముందు పెట్టింది.

"పోతె పో, ఉంటె ఉండు. తిని ఏదన్న చెయ్యి," అంది. అప్పుడు పుస్తకం చూసింది. తెరిచి ఉన్న పుట చూసింది.

"అవ్వా," అంది సరళాదేవి. "గీ కాయితం నీ దగ్గర ఉన్నదా?"

జానకీబాయి కొంగుతో చేతులు తుడుచుకుంది. బయటికి వెళ్ళి, పూజ అర్రలోంచి తన పుస్తకం తెచ్చింది. అదే గోధుమరంగు అట్ట, అదే లక్ష్మీరాజం కుట్టు. వెతకలేదు. తెరవగానే ఆ పుటే వచ్చింది.

"ఇటు పక్క నా కథ. కోడలు అత్త కాళ్ళ మీద పడుతది," అంది. కాగితం తిప్పింది. "అటు పక్క మీది. నాకు అద్దాల్లేకున్న వస్తది. చదువాల్నా?"

ఇద్దరూ దగ్గరికి జరిగారు. జానకీబాయి బడిపిల్లలా ఒక్కో మాట విడదీసి చదివింది.

"'అటు నుంచి జవాబు రాలేదు. తుపాను ఆగింది. మంచు మీద బండి జాడ లేదు, మనిషి జాడ లేదు. సౌదామిని రేడియో చెవిగొట్టాన్ని తీసి బల్ల మీద పెట్టింది. నౌకరుయంత్రం అడిగింది: భూమికి తిరుగు దారి లెక్క వేయనా? సౌదామిని వెళ్ళి కెప్టెన్ ఆసనంలో కూర్చుంది. అది ఆమెకు పెద్దదిగా ఉంది. పాదాలు నేలకు అందలేదు. ముందుకే వెయ్యి, అంది.' గంతే. అయిపోయింది."

బయట లింగారావు దగ్గాడు. తలుపు దగ్గరి నుంచి కదలలేదని అందరికీ తెలిసింది.

"నాకు అబద్దం చెప్పిండు," అంది సరళాదేవి. "నేను పిల్లలకు అదే అబద్దం చెప్పుకుంట వచ్చిన."

"మరేం చెప్తడు?" అంది జానకీబాయి. "నీకు ఒళ్ళు కాలిపోతుంది. డాక్టరు రాడు, బస్సుల్లేవు. కెప్టెన్ వచ్చిండా, వచ్చిండా అని కలవరిస్తున్నవు. వాడు వాకిట్ల నిలవడి ఈ కాయితం చదివి నా దగ్గరికొచ్చిండు. అవ్వా, ఇది నువ్వే కత్తిరించుకో, చెల్లెకు చూపియ్యకు అన్నడు. నా కథ గూడ ఉండె గదా, కత్తిరించుకున్న. గా గడ్డం మీద మంచు, ఆకలైతుంది అనుడు, అన్ని వాడు అల్లినయే. నేను దర్వాజ కాడ నిలవడి విన్న."

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?" ప్రమోదిని అడిగింది. "నేను చిన్నపిల్లను గాదు. నాకు జొరం లేదు."

జానకీబాయి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"దవాఖానల అడిగిండు నన్ను. గా కాయితం ఉన్నదా అవ్వా అని. ఉన్నది, తెమ్మంటవా అన్న. వద్దన్నడు. ప్రమోదిని అడిగితె తెల్వదన్న, ఆమెతోని అబద్దమాడ బుద్ధి గాలే, నిజం చెప్ప నోరు రాలే అన్నడు. వానికి అప్పటికే ఎర్క బిడ్డా. తను వాపస్ రాడని ఎర్క."

పళ్ళెంలో పప్పు మీద పొర కట్టింది. ఎవరూ దాన్ని చూడలేదు.

"నాకైతే ఆ సౌదామిని పిల్ల మీద కోపమే," అంది జానకీబాయి. "మొగడో, దోస్తో, ఆయన ఎవరైతేంది, మనిషి పాయె. జర ఏడ్వనియ్యొద్దా? రాసినోడు ఏడ్వనియ్యకుంటనే కూసోబెట్టిండు."

"ఏడ్చే ఉంటది అత్తమ్మా," అంది ప్రమోదిని. "రాసినోని ముంగట ఏడ్వలేదు."

ఆమె పళ్ళెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, ఒక్క మెతుకు వదలకుండా తింది. సరళాదేవి ఆ చేతిని చూస్తూ కూర్చుంది. రేపు ఈ చేయి ఒక కొత్త ఊళ్ళో ఒక కొత్త బల్ల ముందు సంతకం చేస్తుంది. లేదా ఈ ఇంట్లో అంగీలు మడుస్తుంది. మధ్యాహ్నం ఆసిఫాబాద్ దారిన పోయే మంచిర్యాల బస్సు వెళ్ళే లోపల ఏదో ఒకటి తేలాలి.

"వదినా," అంది. "పెరటి తలుపు తీస్త. సందు నుంచి బజార్ల పడొచ్చు. అంతయ్యను అటు రమ్మంట."

"వద్దు."

"బాపు లేవడు. నీకెర్క గదా."

"ఎర్క. అయినా వద్దు. నేనేం దొంగతనం చేసి పోతలేను. పెరట్ల నుంచి పోతె మల్ల పెరట్ల నుంచే రావాలె. నేను పండుగకు పబ్బానికి ఈ ఇంటికి రావాలె సరళా. ముంగటి నుంచి రావాలె."

ప్రమోదిని లేచి చేయి కడుక్కుంది. పుస్తకం సరళాదేవి ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో. నీ పిల్లలకు మొత్తం చెప్పు."

సరళాదేవి వద్దనలేదు. దాన్ని మంచం మీద పెట్టి ఆమె వెంట హాల్లోకి నడిచింది.

లింగారావు అలాగే ఉన్నాడు. గదిలో చదివినదంతా ఆయనకు వినబడే ఉంటుంది. హాలుకూ ఆ గదికీ మధ్య తలుపు లేదు, పరదా మాత్రమే.

"లే బాపూ," అంది సరళాదేవి. "జర జరుగు."

ఆయన మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వు గూడనా?"

"నేను గూడ."

"కథలు చదివి కోడండ్లను తోలుతరా? అది కథ. కాయితం మీద ఎవరైనా ఏడికైనా పోతరు."

"కథ చదివి పోతలేదు ఆమె. కథ చదువకముందే పెట్టె కట్టుకున్నది. నువ్వు ఆమెను అడిగినవా బాపూ, ఏం గావాలె అని? ఏడాది నుంచి నేను గూడ అడుగలే. మన ఇద్దరం ఆమెను ఆ అర్రల కూసోబెట్టి అన్నను చూసుకుంటున్నం. ఆమె రోలు గాదు."

ఆ చివరి మాట లింగారావుకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా దెబ్బ తగిలినట్టు ఆయన ముఖం మారింది. సరళాదేవి తండ్రి ముందు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఇంట్లో ఎవరూ విని ఉండలేదు. పెళ్ళి మాట ఎత్తినా లేచి వెళ్ళిపోవడమే ఆమెకు తెలిసిన జవాబు.

ఆయన కుర్చీలో పక్కకు తిరిగి, రెండు కాళ్ళూ చాచి ఎదుటి ద్వారబంధానికి ఆనించాడు.

"పొండ్రి. నన్ను దాటుకుంట పొండ్రి. ఎవరు దాటుతరో చూస్త."

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు కాళ్ళు చాచుకుంటే పసిపిల్లలు కూడా చుట్టూ తిరిగి పోవాల్సిందే. చుట్టూ తిరగడానికి అక్కడ చోటు లేదు. అది తెలిసే చాచాడు.

ప్రమోదిని ఆ కాళ్ళను చూసింది. మడమలు పగిలి ఉన్నాయి. ఎండాకాలం ఆమే వాటికి నూనె రాసింది.

"మిమ్మల్ని దాట మామయ్యా," అంది. "మీరు లేచినంకనే పోత. ఎప్పటికి లేస్తే అప్పటికే. ముంగట పెట్టెను దాటిస్త."

వంగి పెట్టెకు ఒక పక్క పిడి పట్టుకుంది. సరళాదేవి రెండో పిడి పట్టుకుంది. అది అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఇద్దరూ దాన్ని నడుము దాకా ఎత్తారు. తరువాత ఛాతీ దాకా. వెనుక నుంచి జానకీబాయి, "పైలం, పైలం," అంటోంది కానీ ఎవరికి చెబుతోందో చెప్పడం లేదు.

పెట్టె లింగారావు మోకాళ్ళ మీదికి వచ్చింది. అవతల వరండాలోకి నెట్టాలి. సరళాదేవి పట్టుకున్న పిడి వేళ్ళలోంచి జారింది.

లింగారావు రెండు చేతులూ లేచి పెట్టెను పట్టుకున్నాయి.

పట్టుకోకపోతే అది ఆయన కాళ్ళ మీద పడేది. కానీ పట్టుకున్నాక కూడా ఆయన దాన్ని లోపలికి నెట్టలేదు. బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులు చుట్టూ వేసి, గడ్డం దాని మూత మీద ఆనేలా వంగిపోయాడు.

చెట్టు కింద అంతయ్య బీడీ పడేసి పరుగున వచ్చాడు. మెట్టు మీద నిలబడి చేతులు చాచాడు.

"ఇటియ్యుండ్రి దొరా."

లింగారావు వాడికేసి చూడలేదు. తల ఎత్తి ప్రమోదినిని చూశాడు. బుధవారం నుంచి ఆయన ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి.

"ఇంత బరువున్నదేంది బిడ్డా? ఏం పెట్టుకున్నవు దీంట్ల?"

"ఏడాదికి సరిపోయే సామాను మామయ్యా."

"ఏడాదికా?"

"ఏడాది చూస్త. గాకపోతె ఇంకో ఏడాది."

వీధి చివర పెద్ద రోడ్డు మీద ఏదో బస్సు హారను కొట్టింది. అది మంచిర్యాల బస్సో కాదో లోపల ఎవరికీ తెలియలేదు. అంతయ్య చేతులు దించకుండా, ఒకసారి ఆయనను, ఒకసారి ఆమెను చూశాడు.

"దొరా, ఇటా? అటా?"

లింగారావు రెండు కాళ్ళూ గుమ్మంలోంచి తీసి నెమ్మదిగా వెనక్కి ముడుచుకున్నాడు. పెట్టె ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది.